మిద్దెపై సూర్యుడు, మెట్లక్రింద బ్యాటరీ

ఇంటిమీద సౌరఫలకములు పెట్టించుకొనుట లాభమా నష్టమా అని అడుగవచ్చిన ప్రతివారిని నేను ముందుగా కరెంటు బిల్లు తెచ్చి చూపుమని కోరుదును. వారు ఒకింత విస్మయముతో ఆకాశమువైపు చూచి, మన సీమలో ఎండకు కొదవయా అందురు. ఎండకు కొదవ లేదు; రెంటచింతలలోను రామగుండములోను వైశాఖ జ్యేష్ఠములలో ఒక మధ్యాహ్నము గడపినవారి కెవరికిని ఆ విషయమున సందేహ ముండదు. కాని, మీటరు చదువువాడు నెలనెలా మన చేత పెట్టిపోవు ఆ సన్నని కాగితము మీద యూనిట్లెన్ని, అవి ఏ శ్లాబులో పడినవి అని చూడక ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనుట, నాడి పట్టి చూడక మందిచ్చుట వంటిది. బ్యాటరీ మాట మరియొకటి. దానికి బిల్లు సైతము సమాధానము చెప్పజాలదు. ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపి విచారించుట చేతనే మన మధ్యతరగతి గృహస్థులు కొందరు పెట్టవలసినచోట వెనుదీయుచు, పెట్టరానిచోట లక్షలు పోయుచున్నారు.

వెలుగు సోకినంత మాత్రమున కొన్ని పదార్థములలో విద్యుత్తు జనించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెక్వెరెల్ 1839లోనే గమనించెను గాని, ఆ గమనిక పనికివచ్చు వస్తువై రూపొందుటకు నూటపదునైదేండ్లు పట్టినది. 1954లో అమెరికా యందలి బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాన్ ఘటమును లోకమునకు ప్రదర్శించిననాడు, దానిపై పడిన వెలుగులో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే విద్యుత్తుగా మారెను. నాలుగేండ్లకు అది వాన్‌గార్డ్ ఉపగ్రహము నెక్కి అంతరిక్షమునకు పోయెను; భూమిమీద మాత్రము దాని ధర భరింపగల గృహస్థుడు లేకపోయెను. నేడు మన మేడలపై బిగించు ఫలకములు నూటికి ఇరువదికి పైగా పాళ్ళను విద్యుత్తుగా మార్చుచున్నవి. 1970ల నడుమ నేటి విలువలో వాటు ఒక్కింటికి నూరు డాలర్లకు పైబడిన ధర, డాలరులో ఏ అయిదవ వంతుకో అంతకు తక్కువకో దిగిపోయినది. ఒక వస్తువు ఏబదియేండ్లలో ఇంతగా చౌకయగుట పారిశ్రామిక చరిత్రలో అరుదు. కావున పదేండ్ల క్రిందట ఎవరో చెప్పిన “గిట్టుబాటు కాదు” అను మాటను నేటికిని పట్టుకొని యుండుట తగదు.

మన ప్రాంతమున ఒక కిలోవాటు ఫలకములు సంవత్సరము మొత్తముమీద సగటున దినమునకు నాలుగు యూనిట్లిచ్చును. ఇది సగటు మాట: ఫాల్గుణ చైత్రముల నిర్మలాకాశమున అయిదు రావచ్చును, శ్రావణమున ముసురు పట్టిన దినమున ఒకటి వచ్చుటయు కష్టము. ఎండ ఎంత తీక్ష్ణమైన అంత మేలని తలచువారు గ్రహింపవలసిన దొకటి కలదు. ఫలకమునకు కావలసినది వెలుగు గాని వేడి కాదు. 25 డిగ్రీల యొద్ద లెక్కగట్టిన దాని శక్తి, ఆపై పెరిగిన ప్రతి డిగ్రీకి 0.3 నుండి 0.4 శాతము వరకు తరుగును. వేసవి మధ్యాహ్నమున ఫలకము 60 డిగ్రీలు దాటినపుడు నూటికి పది పండ్రెండు పాళ్ళు ఆ వేడికే ఆహుతి యగును. అందుచేత క్రింద గాలి ఆడునట్లు ఎత్తుగా, దక్షిణమునకు అభిముఖముగా, మన అక్షాంశమునకు తగినట్లు పదునైదు మొదలు పదునెనిమిది డిగ్రీల వాలున నిలుపుదురు.

కిలోవాటుకు సుమారు నూరు చదరపుటడుగుల నీడలేని చోటు కావలెను. నీళ్ళ ట్యాంకు నీడ ఒక్క ఫలకము మీద పడినను, వరుసగా కలిపిన తక్కిన ఫలకముల శక్తియు దానితోపాటు కుంగిపోవచ్చును. మూడు కిలోవాట్లకు కావలసిన ఆ మూడువందల అడుగుల చోటే వడియములు ఎండినచోటు, మామిడి ముక్కలు ఆరినచోటు, వేసవిరాత్రి పిల్లలు పక్కలు వేసికొన్నచోటు. ఇంటి ఇల్లాలిని అడుగక ఆ చోటును ఒప్పందపత్రము మీద వ్రాసియిచ్చుట అన్యాయమని నా అభిప్రాయము. ఇక దుమ్మున్నది, పక్షుల రెట్ట యున్నది, తెలంగాణ పల్లెలలో కోతిమూకల బాధ యున్నది. వారమున కొకసారి అయినను, అద్దము చల్లగానున్న వేకువను కడుగవలెను. బోరునీటితో కడిగి ఆరనిచ్చినచో ఉప్పు తెల్లని పొరగా పేరుకొనును గనుక గుడ్డతో తుడువవలెను. వయసు మళ్ళిన దంపతులు మాత్రమే యున్న ఇండ్లలో మేడ నెక్కి ఈ పని చేయువారెవరో ముందే ఆలోచించుకొనుట మంచిది.

ఇక వ్యయము. కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ఆమోదించిన పి.ఎం. సూర్యఘర్ పథకము కోటి ఇండ్లను ఉద్దేశించి 75,021 కోట్ల రూపాయలతో ఏర్పడినది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటు ఒక్కింటికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, వెరసి 78,000 రూపాయలకు మించకుండ సబ్సిడీ గృహస్థుని బ్యాంకు ఖాతాలో పడును. అయితే ఫలకములలోని ఘటములు మన దేశమున తయారైనవి కావలెను. మూడు కిలోవాట్ల ఏర్పాటునకు నేడు కొంచె మెచ్చుతగ్గుగా 1,90,000 రూపాయలగునని అనుకొందము. సబ్సిడీ పోను 1,12,000 మిగులును.

ఆంధ్రప్రదేశ్ గృహవిద్యుత్తు ధరలను ఈ ఖర్చు ప్రక్కన పెట్టి చూడుడు. మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపై 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, అంతకు మించినచో 9.75 రూపాయలు. మెట్టుమెట్టునకు ధర హెచ్చు ఈ నిర్మాణమునందే మన ప్రశ్నకు సమాధానము దాగియున్నది. నెలకు 500 యూనిట్లు వాడు ఇంటికి ఇతర రుసుములు గాక 3,523 రూపాయల బిల్లు వచ్చును. మూడు కిలోవాట్ల ఫలకములు నెలకిచ్చు 360 యూనిట్లు ఆ బిల్లును పైమెట్టునుండి నరకుకొనుచు దిగును. మిగిలిన 140 యూనిట్లకు చెల్లింపవలసినది 507 రూపాయలే. అనగా నెలకు 3,000, ఏడాదికి 36,000 మిగులు; పెట్టిన సొమ్ము మూడేండ్లకు చేతికి వచ్చును. అదే ఏర్పాటు 300 యూనిట్ల ఇంటిమీద పెట్టినచో నెలకు సుమారు 1,670, ఏడాదికి 20,000 మిగులును. ఆరేండ్లలోపున సొమ్ము తీరును. సబ్సిడీ లేదనుకొన్నను తొమ్మిది పదియేండ్లే. ఫలకముల ఆయుర్దాయము ఇరువదియైదేండ్లు. ఇన్వర్టరును నడుమ ఒకసారి మార్చుకొన్నను ఇది నిస్సందేహముగా లాభకరమైన పెట్టుబడి. బ్యాంకులో ఏడు శాతము వడ్డీకి దాచిన సొమ్ము దీనికి సాటి రాదు.

ఇప్పుడు 75 యూనిట్లతో నెల గడుపు ఇంటికి రండు. ఒక పంకా, రెండు మూడు దీపములు, ఒక టీవీ, ఒక చిన్న ఫ్రిజు. ఆ ఇంటి బిల్లు 192 రూపాయలు, ఏడాదికి 2,304. ఒక్క కిలోవాటుతో సరిపెట్టి, సబ్సిడీ పోను నలుబదివేలు మాత్రమే చేతినుండి పెట్టినను, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు పదునేడేండ్లు పట్టును. నలుబదివేలకు ఏడు శాతము వడ్డీ 2,800. అనగా ఆ సొమ్ము బ్యాంకులో నున్నచో వచ్చు వడ్డీయే మిగులు కరెంటు కన్న ఎక్కువ. మిగులు యూనిట్లకు విద్యుత్తు కంపెనీ యిచ్చు ధర మనము కొను ధరకన్న చాల తక్కువ గనుక అదియు ఈ లెక్కను తారుమారు చేయజాలదు. సూర్యుడు ఈ మూడిండ్లపైనను సమముగానే ప్రకాశించుచున్నాడు. పేదయింటి కరెంటు మొదటినుండియు చౌకగా నుండుటచేత, అందు మిగుల్చుకొనదగిన దేమియు లేదు, అంతే.

తెలంగాణలో ఈ భేదము మరింత స్పష్టము. అచ్చట 2024నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల తెల్లకార్డు కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లే లేదు; అట్టి ఇంటివారిని అప్పుచేసి ఫలకములు పెట్టించుకొనుడని పురికొల్పు వర్తకుడు వారికి మేలు చేయుటలేదు. 300 యూనిట్ల ఇంటికో, బిల్లు 1,790 రూపాయలు. వారు నిశ్చింతగా పూనుకొనవచ్చును. ఈ సందర్భమున నా మనస్సును కలవరపెట్టు మాట యొకటి చెప్పక తప్పదు. పైమెట్లలో హెచ్చుధర చెల్లించువారి సొమ్ముతోనే క్రిందిమెట్ల చౌకధర నిలుచుచున్నది. ఆ పైవారందరు మేడలెక్కి బిల్లులు సున్న చేసికొన్ననాడు, స్తంభములకు, తీగెలకు, ట్రాన్సుఫార్మర్లకు అగు ఖర్చు ఎవరి తల మీద పడవలెను? ప్రభుత్వము సబ్సిడీ ప్రకటించుటతో తన కర్తవ్యము తీరినదని తలపరాదు. ఈ భారము అద్దెయిండ్లవారి మీదను, మేడలేనివారి మీదను జారిపోకుండ ఇప్పటినుండియే చూడవలెను.

ఫలకములకన్న ముందు చేయవలసిన చౌకయైన పని యొకటి కలదు. పాత పంకా 75 వాట్లు తినును; బి.ఎల్.డి.సి. పంకా 30 వాట్లతో అదే గాలి యిచ్చును. దినమునకు పదునైదు గంటలు తిరుగు పంకా నొకదానిని మార్చిన నెలకు ఇరువది యూనిట్లు తగ్గును, 8.75 మెట్టులోనున్న ఇంటికి అది నెలకు 175 రూపాయలు. మూడువేల పంకా ఏడాదిన్నరలో తన వెల తాను చెల్లించును. ఏ సౌరఫలకమును ఈ వేగమును అందుకొనజాలదు.

ఇక బ్యాటరీ విషయము. దీనిని గ్రహించుటకు ముందు నెట్ మీటరింగు అనునది గ్రహింపవలెను. పగలు మన యింట ఖర్చుకాని విద్యుత్తు తీగెలవెంట వీథిలోనికి పోవును. రాత్రి మనకు కావలసినది అచ్చటినుండియే వచ్చును. మీటరు ఈ రాకపోకల భేదమును మాత్రమే లెక్కించును. మన ధాన్యమును ఊరి గాదెలో పోసి, కావలసినపుడు కొలిపించుకొని తెచ్చుకొనుట వంటిది ఇది. కొలగారము సైతము లేదు. ఇంతటి సౌకర్యము ఉచితముగా నుండగా, ఇంటిలో మరియొక గాదె కట్టుటకు ధనము వెచ్చించుట ఎందులకు?

విశాఖపట్టణమున మా మేనమామగారు మూడు కిలోవాట్ల ఫలకములు పెట్టించిన కొలది దినములకే దీనికి సమాధానము మాకు తెలిసినది. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు, మేడమీద ఎండ నిప్పులు చెరుగుచుండగా, వీథిలో కరెంటు పోయెను. దానితోపాటు మా మేనమామగారింటి కరెంటును పోయెను. యంత్రము చెడినదని ఆయన భావించెను. చెడలేదు. వీథి తీగెలో విద్యుత్తు లేనపుడు ఇంటి ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవలెను. లేనిచో మరమ్మతునకు స్తంభ మెక్కిన లైన్‌మను, తీగె నిర్జీవమైనదని నమ్మి పట్టుకొని, మన మేడనుండి వచ్చు విద్యుత్తుచే ప్రాణము గోల్పోవును. ఇది ఎంతయు న్యాయమైన నియమము. కాని బిగించిన వర్తకుడు ఈ సంగతిని ముందుగా ఒక్క మాట చెప్పియుండవలసినది, చెప్పలేదు. ఫలకము లున్నచో కరెంటుకోత లుండవని నమ్మి సొమ్ము చెల్లించిన గృహస్థులు మన రాష్ట్రములలో ఎందరో కలరు.

కోతవేళ వెలుగు కావలెనన్న బ్యాటరీ కావలెను. గాస్టన్ ప్లాంటె 1859లో కనిపెట్టిన సీసపు బ్యాటరీయే నేటికిని మన ఇండ్లలో మెట్లక్రింద డిస్టిల్డు వాటరు త్రాగుచు కూర్చున్నది. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల ట్యూబులర్ బ్యాటరీ పేరునకు 1.8 యూనిట్లు పట్టును గాని, దాని ఆయువు కాపాడుకొనవలెనన్న సగమునకు మించి వాడరాదు. పదునైదువేల వెలను అయిదేండ్ల నిత్యోపయోగమునకు పంచిచూచిన యూనిట్ నిలువచేయు ఖర్చు తొమ్మిది రూపాయలకు తగ్గదు. లిథియము జాతి బ్యాటరీ ఇంతకన్న ఎంతో శ్రేష్ఠము. ఆ శాస్త్రమునకు పునాదులు వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెల్ బహుమతి వచ్చినది. 2010లో కిలోవాటు-గంటకు వేయి డాలర్లు దాటిన బ్యాటరీ మూటల సగటు ధర 2024 నాటికి 115 డాలర్లకు పడినది. అయినను మన బజారులో అయిదు యూనిట్ల గృహబ్యాటరీకి లక్షకు పైబడి అగుచున్నది. అందు నాలుగున్నర యూనిట్లను పదేండ్లు ప్రతిదినము వాడుకొన్నను మొత్తము 16,000 యూనిట్లు. అనగా యూనిట్‌కు ఆరు రూపాయలు. ఎక్కించి దింపుటలో పోవు పదవవంతు దీనికి అదనము. వీథి గాదె ఉచితముగా చేయు పనికి ఆరు రూపాయలు చెల్లించి లాభము పొందితినని చెప్పువాని లెక్కలో ఎచ్చటనో పొరపాటున్నది. బిల్లు తగ్గించుకొనుటకై బ్యాటరీ కొనవలదని, నెట్ మీటరింగు నిలిచియున్నంతకాలము, నిస్సంకోచముగా చెప్పుదును.

అయితే నెట్ మీటరింగు శాశ్వతమని ఎవరును హామీ యియ్యలేరు. మన తెలుగువారు వేలకొలదిగా నివసించు కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్‌నుండి క్రొత్తగా చేరువారికి మేడనుండి వీథికి పంపు యూనిట్‌కిచ్చు వెలను సుమారు నాలుగింట మూడువంతులు కోసివేసిరి. పగలు పంపినదానికి విలువ లేక, రాత్రి కొనునది ప్రియమైనందున, అచ్చట బ్యాటరీ లేకుండ ఫలకములు పెట్టువారు తగ్గిపోయిరి. మూడిండ్లలో ఒకదానిపై ఫలకములున్న ఆస్ట్రేలియాలో 2025 జూలై మొదలు ప్రభుత్వము గృహబ్యాటరీల వెలలో సుమారు ముప్పది శాతము భరించుచున్నది. మధ్యాహ్నపు విద్యుత్తు మితిమీరి, దీపాలు పెట్టు వేళకు చాలకపోవు స్థితి వారిచేత ఆ పని చేయించినది. మన కేంద్రప్రభుత్వమును 2023లోనే నియమములు సవరించి, స్మార్టు మీటరుగల గృహస్థులకు పగటి సౌరవేళ ధర కనీసము ఇరువది శాతము తక్కువగాను, గిరాకి వేళ కనీసము పదిశాతము హెచ్చుగాను ఉండవలెనని చెప్పినది. అది ఆ కనీసపు మేరకు ఇంటింట అమలైనను, ఆరు రూపాయల యూనిట్ మీద పగటికిని రాత్రికిని నడుమ భేదము రెండు రూపాయలు దాటదు; బ్యాటరీ ఖర్చు ఆరు. ఆ భేదము పెరిగి, బ్యాటరీ వెల సగమైననాడు ఈ తీర్పును తిరుగవ్రాయవలసి యుండును.

అప్పటికిని ఆ నిలువ మన మెట్లక్రిందనే జరుగవలెనా అన్నది వేరు ప్రశ్న. శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రము లారు, కరెంటు మిగిలినపుడు నీటిని క్రిందినుండి మీదికి తోడి, కావలసినపుడు అదే నీటిని దింపి విద్యుత్తునిచ్చునట్లు నిర్మింపబడినవి. నాగార్జునసాగరమునను అట్టి యంత్రములున్నవి. పిన్నాపురమున 1,680 మెగావాట్ల పథకము ఆ ఉద్దేశముతోనే తలపెట్టబడినది. కొండమీది చెరువు ఏబదియేండ్లైనను చెడని బ్యాటరీ. ఇంటింట లక్షరూపాయల పెట్టెలు కొని వేరువేరుగా దాచుకొనుటకన్న, ఊరంతటి మిగులును ఇట్టి జలాశయములందును, సబ్‌స్టేషనులందలి పెద్ద బ్యాటరీలందును దాచుట జాతికి చౌక యని నేను దృఢముగా నమ్ముచున్నాను. అప్పుడు ఫలకములు లేని ఇంటికిని ఆ వెలుగు ముట్టును.

మరి గృహబ్యాటరీ ఎవరికి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన పిమ్మట నగరము దినములతరబడి చీకటిలో నుండినది. మోటారు తిరుగక ట్యాంకులో నీరు లేదు. ఫోనులో ప్రాణము లేదు. తీరప్రాంతమువారికి బ్యాటరీ విలువ యూనిట్ల లెక్కకు లొంగదు. వారు ఫలకములు పెట్టించునపుడు చూడవలసినది వాటి వెల మాత్రమే కాదు. విశాఖకు భారతీయ ప్రమాణములు నిర్ణయించిన గాలివేగము సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. హైదరాబాదు కొలతల ఇనుప చట్రమును తెచ్చి సముద్రతీరమున నిలిపిన వర్తకుని పనిని అంగీకరింపరాదు. ఇంటిలో శ్వాసరోగి యుండి ఆక్సిజన్ యంత్రము నడువవలసినవారికిని లెక్కలు వేరు. తక్కినవారికి, అనగా గంటా రెండుగంటల కోత మాత్రమే ఎరిగిన పట్టణవాసులలో అధికసంఖ్యాకులకు, పాత సీసపు బ్యాటరీయు చిన్న ఇన్వర్టరును చాలును. మూడు క్రొత్తరకపు పంకాలును నాలుగు దీపములును దానిమీద ఆరేడు గంటలు నడచును.

మా మేనమామగారు మొదట పది యూనిట్ల లిథియము బ్యాటరీ కొనదలచి నన్ను పిలిపించెను. ఏ.సి. నడుపుట మాని, కావలసినవేవో వ్రాయుమంటిని. అమ్మమ్మ ఆక్సిజన్ యంత్రము 300 వాట్లు, ఆమె గదిలోని పంకా, ఒక దీపము. రాత్రి ఎనిమిది గంటలకు మూడు యూనిట్లు దాటలేదు. బ్యాటరీ చిన్నదైనను ఖర్చు తగ్గలేదు. ముందు బిగించిన ఇన్వర్టరు బ్యాటరీతో కలియునది కాదు గనుక దానిని తీసివేసి హైబ్రిడ్ ఇన్వర్టరు కొనవలసి వచ్చెను. మొదటనే దానిని అడిగియుండినచో కొంచెము హెచ్చువెలతో పోయెడిది. ఇప్పుడు క్రొత్త యంత్రమునకు పూర్తి వెల చెల్లించెను. వేడికి లిథియము ఆయువు తరుగును గనుక బ్యాటరీని మేడమీద గాక మెట్లక్రింద నీడలో, వాననీరు చేరకుండ నేలకు మూడడుగుల ఎత్తున గోడకు బిగించిరి. అటుపిమ్మట కార్తికమాసమున ఒక గాలివాన రాత్రి, ఒంటిగంటవేళ వీథి యంతయు చీకటి యైనది. అమ్మమ్మ మేలుకొనలేదు.